తలకట్టు

బెట్టా చేపకు చిన్న తొట్టిలో విసుగు పుడుతుంది. అందుకే మా అమ్మాయి గాజు మీద వేలితో అక్షరాలు రాసేది. చేప ఆ వేలి వెంటే తిరిగేది.

ఆ సాయంత్రం ‘ర’కు తలకట్టు మరిచిపోయింది. బడిలో పిల్లలకు చెప్పినట్టే చెప్పాను. “తలకట్టు లేకపోతే అది సున్నా, నీ లెక్కల మార్కుల్లాగా. పదిసార్లు రాయి.”

“చేపకి అర్థమైందిగా నాన్నా,” అంది.

ఏడుసార్లు రాసి, జ్వరంతో సోలిపోయింది. మళ్ళీ లేవలేదు.

ఇప్పుడు చేపను ఆడించే పని నాది. ఈ రాత్రి నేనింకా గుమ్మంలోనే ఉన్నాను. గాజు మీద తడివేలు జారినట్టు కీచుమంది. చేప గుండ్రంగా ఒక చుట్టు తిరిగి, తలకట్టు దగ్గర ఆగిపోయింది.

ఎనిమిది.

“చాలు తల్లీ, ఇక రాయొద్దు,” అన్నాను.

చేప తొమ్మిదోది మొదలుపెట్టింది.