వంగని బ్లేడు

"ఆ సుత్తె ఇటియ్యి భాయ్," అంది భూమక్క.

ఖయ్యూం సుత్తెను వీపు వెనక్కి దాచుకున్నాడు. కామారెడ్డిలో అతని వెల్డింగ్ దుకాణం ముందు కొత్త బాక్స్ బ్లేడు తడి ఆరని పెయింటు వాసనతో నిగనిగలాడుతోంది. చిన్న ట్రాక్టర్ వెనక తగిలిస్తే మిట్ట మీది మట్టిని గీకి, తన ఇనుప పెట్టెలో పట్టుకొచ్చి, పల్లంలో నింపి పొలాన్ని చదును చేసే పనిముట్టు అది. ఇన్నాళ్లూ ఎవరెవరో చేసినవాటి పగుళ్లకు వెల్డింగ్ పెట్టిచ్చిన ఖయ్యూం, ముక్క ముక్కా తానే కోసి తానే అతికించిన మొదటి బ్లేడు. ఇది నిలబడితే ఎల్లారెడ్డి దాకా పేరొస్తుంది. వంగిందా, మళ్లీ ఊరందరి పగుళ్లే గతి.

"కొత్త పెయింటు అక్కా. సుత్తెతోని కొడితే లేస్తది."

"పెయింటు కొననీకి ఎల్లారెడ్డి నుంచి బస్సెక్కి వచ్చిన్నా? నాకు ఇనుము జూడాలె."

"అది గాదే, నేనేమంటున్ననంటే..." అన్నాడు పక్కన స్టూలు మీద కూర్చున్న ఆమె మొగుడు సిద్దిరాములు.

"నువ్వు చాయ్ తాగు," అంది భూమక్క. సిద్దిరాములు తాగాడు.

సుత్తె ఇవ్వక తప్పలేదు. భూమక్క బ్లేడు పొడవునా ఠంగు ఠంగుమని కొట్టుకుంటూ పోయింది. కుండ కొనేటప్పుడు వేలితో తట్టి చూస్తారే, అట్లా చెవి పెట్టి మరీ వింటోంది. మూల దగ్గర ఆగింది.

"గీడ మొద్దుగ మోగుతుంది, ఏంది కథ?"

"లోపల ఇంకో పట్టీ ఏసిన అక్కా. దెబ్బ తగిలేది మూలకే గదా."

భూమక్క మొహంలో మెచ్చుకోలు కనబడనివ్వలేదు. సుత్తెతో గోడవారగా ఉన్న ఇంకో పెద్ద బ్లేడును చూపించింది. "గది ఇంకా మందంగుంది. గదే ఇయ్యి."

అది రిపేరుకొచ్చిన వేరేవాళ్లది. "అది పెద్ద ట్రాక్టర్‌ది అక్కా. చిన్నదానికి తగిలిస్తే ముందు చక్రాలు లేస్తయి. అన్న గాల్ల తేలుతడు."

"ఈయన నడపడు."

"మరెవలు నడుపుతరు?"

"నడిపేటోళ్లున్నరు గని, నువ్వు దీని సంగతి జెప్పు."

"వెనక టైర్లు ఈ అంచు నుంచి ఆ అంచుకు ఎంతున్నయి? బ్లేడు అంతకన్న జెరంత ఎక్కువ ఉండాలె. లేకుంటే చదును చేసిన జాగల్నే టైర్ల అచ్చులు పడతయి."

భూమక్క నడుముకు దోపుకున్న సంచిలోంచి సుతిలి తాడు తీసింది. రెండు చోట్ల ముళ్లు వేసి ఉన్నాయి. "గీ ముడి నుంచి గా ముడి దాక."

ఖయ్యూం తాడును బ్లేడు మీద పరిచాడు. అటు రెండు వేళ్లు, ఇటు రెండు వేళ్లు బ్లేడే ఎక్కువుంది. కుట్టించినట్టు సరిపోయింది. సిద్దిరాములు చాయ్ గ్లాసులోకి కిసుక్కున నవ్వాడు.

"ఏమైందన్నా?"

"ఏం లేదు. రాత్రి టైర్లు కొలిచేటప్పుడు కుక్క ఎంబడి వడ్డది."

"నిన్ను చాయ్ తాగుమన్న," అంది భూమక్క.

"అయిపోయింది గదనే."

"ఇంకోటి తాగు." మళ్లీ ఖయ్యూం వైపు తిరిగింది. "కింద గీకే పట్టీ అరిగితే?"

"బోల్టులే అక్కా. విప్పి తిప్పి బిగించుకోవచ్చు. రెండు దిక్కుల పదునుంది."

"బోల్టులు వోతే?"

"నేనున్న గదా."

"నువ్వు ఎటన్న వోతే?"

"మా తమ్ముడు కలీమ్ ఉన్నడు."

భూమక్క సుత్తెను కింద పెట్టింది. "మీ అన్నదమ్ములు మంచిగుంటరా?"

"ఒక్క పళ్లెంల తింటం అక్కా."

"గట్లనే ఉండుండ్రి," అంది మెత్తగా. అంతలోనే గొంతు మార్చింది. "ఎన్నేండ్లొస్తది ఇది?"

"మీ పొలం వరకే అయితే మీ మనుమలు గూడ వాడతరు."

"గంతే గట్టిగుండాలె. వంగిందనుకో, ట్రాలీల ఏసుకొచ్చి నీ దుకాణం ముందటనే పెడత. దారిన పోయేటోళ్లందరికి జూపిస్త."

"వంగితే నేనే వచ్చి తీస్కపోత అక్కా."

ఆ మాటతో బేరం కుదిరింది. ట్రాలీ ఆటో పిలిచారు. నలుగురు పట్టి బ్లేడును పైకెక్కించాక, భూమక్క పసుపు కుంకుమ పెట్టి కొబ్బరికాయ కొట్టింది. సగం చిప్ప ఖయ్యూం చేతిలో పెట్టింది. తన చేతి బ్లేడు ఊరు దాటిపోతుంటే ఖయ్యూం ఉండబట్టలేకపోయాడు. ఆటోకు అడ్డం వచ్చి నిలబడ్డాడు.

"ఒక్క మాట అక్కా. ఎవ్వలడిగినా దీన్ని బయటికి ఇయ్యకు. మంది చేతులల్ల పడితే ఎసొంటి ఇనుమైనా వంగుతది. నా పేరు వోతది."

ఆటోలో కూర్చుని కొబ్బరిముక్క నములుతున్న సిద్దిరాములుకు పొలమారింది.

"ఇయ్యనీకే గదా కొన్నది," అంది భూమక్క.

"ఎవలకు ఇస్తవ్?" ఖయ్యూం చేతిలో కొబ్బరిచిప్ప అట్లాగే ఉండిపోయింది.

"మా దిక్కు పనిముట్టు కావాలంటే ఫోన్ల అడిగేది లేదు, ఇంకొకల్ని తోలేది లేదు. కావాల్సినోడే ఇంటికి రావాలె. కూసోవాలె. చాయ్ తాగాలె. అప్పుడు నోరు తెరిచి అడగాలె." భూమక్క మొగుడి పక్కన సర్దుకుని కూర్చుంది.

"మరి అడిగినోళ్లకు ఇచ్చుకుంట పోతే మీ ట్రాక్టర్ ఖాళీగ ఉంటది గదా అక్కా?"

ఆటో కదిలింది. భూమక్క తల బయటికి పెట్టి నవ్వింది.

"మాకు ట్రాక్టర్ ఏడిది భాయ్, తాడుతోని కొలిచింది పక్కింట్లనే ఉండి మాతోని మాట బంద్ జేసిన మా మరిదిది."