ఇంకా రాని మనిషికి కప్పు

సరయేవో పాతబస్తీలో రాగి గిన్నెలు చేసే జుమ్రా దుకాణంలో కూడా ఇప్పుడు కాఫీ పోసేది మరచెయ్యే. గదిలో ఎంతమంది ఉంటే అన్ని కప్పులే పెడుతుంది. చుక్క వృథా కాదు. దాంతో చెప్పకుండా ఒకరింటికి ఒకరు వెళ్లడమే మానేశారు జనం. వెళ్తే కప్పు ఉండదు మరి!

జుమ్రాకు ఒళ్లు మండేది. ఆమె చిన్నప్పుడు ఆ వీధిలో ప్రతి పళ్లెంలోనూ ఒక కప్పు అదనంగా ఉండేది. అందుకే రోజూ తన కప్పు పక్కన ఇంకొకటి పెట్టేది. మరచెయ్యి రోజూ దాన్ని తీసేసేది.

"అక్కడ ఎవరూ లేరమ్మా" అంది ఒకరోజు మరచెయ్యి.

"లేరనే పెట్టాను. అది ఇంకా రాని మనిషికి."

మర్నాడు మరచెయ్యి తనంతట తానే రెండు కప్పులు పెట్టింది. ఒక మరచెయ్యి ఏది నేర్చుకున్నా బజారులో ఉన్నవన్నీ నేర్చేసుకుంటాయి. ఆ సంగతి జుమ్రాకు తట్టలేదు.

కాసేపటికి ఎదురు దుకాణంలో చెప్పులు కుట్టే రసీం గుమ్మంలోకి వచ్చాడు. రెండేళ్లుగా ఇద్దరూ దూరం నుంచి చెయ్యి ఊపుకోవడమే.

"జుమ్రక్కా, మా మరచెయ్యికి పిచ్చెక్కింది! నేనొక్కణ్ణే ఉంటే రెండు కప్పులు పెట్టింది. ఎవరొస్తారని?"

జుమ్రా సుత్తి పక్కన పడేసి లేచింది.

"నేనొస్తున్నా. చల్లారనివ్వకు."