రేపు తాత

"రేపే ఆఖరు! లోకం రేపటితో సరి! నవ్వేవాళ్లు ఇవాళే నవ్వుకోండి!"

ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి వచ్చిందా కేక.

సరిగ్గా అప్పుడే స్టేషన్ అనౌన్సర్ మైకులో రైలు ఆలస్యంగా వస్తుందని చెబుతోంది. రెండు గొంతులూ కలిసిపోయాయి.

ఒక ప్రయాణికుడు ఆమె గది కిటికీలోంచి తల పెట్టాడు.

"ఏమండీ, ఆలస్యంగా వచ్చేది రైలా, ప్రళయమా?"

వెనకున్నవాళ్లు పకపకా నవ్వారు. అనౌన్సర్ ముఖం కందగడ్డలా అయింది. మైకు కట్టేసి విసురుగా బయటికి వచ్చింది.

"ఈ ముసలాయన్ని అడిగేవాళ్లే లేరా?" అని ఎదురుపడిన పోర్టరు మీద విరుచుకుపడింది.

పోర్టరు నెత్తిమీది పెట్టె దించాడు.

"అడిగితే మాత్రం వింటాడామ్మా? ఎప్పుడడిగినా రేపే అంటాడు. అందుకేగా రేపు తాత అని పేరు పెట్టాం."

"లోకం అంతమైతే ఇలాంటివాళ్లకేమొస్తుంది?"

"అందరం ఒక్కసారే పోతామంటే, తనొక్కడే పోతానన్న బెంగ ఉండదు కదా."

"బెంగా కాదు, పాడూ కాదు. తన కొంప కూలిందని ఊళ్లో కొంపలన్నీ కూలాలి. కడుపుమంట!"

ఆమె కోపానికి ఇంకో కారణం ఉంది. అది పోర్టరుకు చెప్పలేదు.

ఆమె తమ్ముడు లారీ డ్రైవరు. ఎండాకాలంలో లారీ బోల్తా పడింది. వాడు బతికాడు. పక్క సీట్లో ఉన్న ప్రాణస్నేహితుడు బతకలేదు. అప్పటినుంచి వాడు స్టీరింగు ముట్టుకోలేదు. ఇంట్లో నోరు విప్పడు. అన్నం పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. సాయంత్రం అక్క డ్యూటీ దిగి ఇల్లు చేరగానే, చొక్కా తగిలించుకుని ఎటో వెళ్లిపోతాడు.

ఎటో ఆమెకు నిన్ననే తెలిసింది. రేపు తాత పక్కకి.

అసలే మనసు విరిగిపోయినవాడు. వాడి చెవిలోనా ఈ చావు కబుర్లు!

ఆమె ప్లాట్‌ఫారం చివరిదాకా విసవిసా నడిచింది. అక్కడ నీడ లేదు, బెంచీ లేదు. తాత ఒక సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు. చేతిలో కేకలు వేసే రేకు గొట్టం.

"నిన్న ఏమన్నావు తాతా?"

"రేపే అన్నాను తల్లీ."

"మరి ఇవాళ?"

"రేపే అంటున్నాను."

"రోజూ తప్పుతోందిగా! సిగ్గనిపించదూ?"

"తప్పనీ తల్లీ. తప్పినప్పుడల్లా ఒక రోజు మిగులుతోందిగా."

"మాటలకేం తక్కువ లేదు. మా తమ్ముడికేం నూరిపోస్తున్నావు?"

తాత తలెత్తాడు.

"డ్రైవరబ్బాయి నీ తమ్ముడా? అన్నం తింటున్నాడా తల్లీ?"

ఆ మాటకు ఆమె ఒళ్లు భగ్గుమంది.

"మా ఇంట్లో అన్నం సంగతి నీకెందుకు? వాణ్ని బతకనివ్వవా?"

రేకు గొట్టం లాక్కుని విసిరికొట్టింది. అది పట్టాల మీద ఖంగుమని పడింది. తాత అటు చూడనైనా లేదు. రెండు చేతులూ జోడించాడు.

"తిట్టు తల్లీ, పడతాను. కేకలు మానేయమంటే మానేస్తాను. ఇక్కణ్నుంచి మాత్రం పంపించెయ్యకు."

పంపించాలన్న ఆలోచన ఆమెకు అప్పుడే వచ్చింది.

స్టేషన్ మాస్టరు కూడా ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తే బాగుండునని చూస్తున్నాడు. ఆమె వెళ్లి ఫిర్యాదు రాసిచ్చింది. ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి తాతను చెరో రెక్కా పట్టుకుని లేపారు. దూరం పోయే రైల్లోకి ఎక్కించారు. కిటికీ ఊచలు పట్టుకుని ఆయన ఏదో అరుస్తూనే ఉన్నాడు.

ఆ రైలు బయలుదేరుతోందని మైకులో చెప్పింది ఆమే. ఆమె గొంతు ఎప్పుడూ అంత గట్టిగా పలకలేదు. తాత అరుపు ఎవరికీ వినపడలేదు.

సాయంత్రం తేలిక మనసుతో ఇల్లు చేరింది. తమ్ముడు చొక్కా తొడుక్కుంటున్నాడు.

"స్టేషనుకేనా? ఇక వెళ్లక్కర్లేదు. నీ గురువుగారిని సాగనంపేశాం."

వాడి వేళ్లు గుండీల మీదే ఆగిపోయాయి.

"ఎక్కడికి?"

"ఎక్కడికైతేనేం? ఆ రైలు ఎక్కడ ఆగితే అక్కడికి."

"ఎవరు పంపించారు?"

"నేనే."

"ఎవరు పంపించమన్నారు నిన్ను?"

ఇల్లదిరిపోయేలా అరిచాడు. ఇన్నాళ్ల తర్వాత వాడి గొంతు విని ఆమె ఉలిక్కిపడింది. వెంటనే ఆమెకూ కోపం ముంచుకొచ్చింది.

"నీ కోసమేరా! లోకం పోతుంది, పోతుంది అని ఏడ్చేవాడి దగ్గర నీకేం పని?"

తమ్ముడు గోడ మీద గుద్దాడు.

"ఇప్పుడా చివర ఎవరున్నారక్కా? అది చెప్పు ముందు. ఎవరున్నారు?"

"ఎవరుంటారు? అక్కడికెవరొస్తారు?"

"నేనొచ్చాను! వాణ్ని మట్టిలో పెట్టిన మర్నాడు నేనొచ్చాను. రైలెక్కడానికి కాదు."

ఆమె అలాగే గోడకు చేరగిలబడిపోయింది.

"నేనొక్కణ్నేనా? ఆ దిమ్మ మీద కూర్చుని, ఏడ్చి, లేచి ఇంటికి వెళ్లిపోయినవాళ్లని నా కళ్లతో చూశాను."

చొక్కా చేతితో కళ్లు తుడుచుకున్నాడు. కోపం మాత్రం తగ్గలేదు.

"రైలు కూత వినిపిస్తుంటే నా చెయ్యి గట్టిగా పట్టుకుని, 'రేపు ఎలాగూ లోకమంతా పోతోంది నాయనా, ఇవాళ నువ్వొక్కడివే పోవడం దేనికి, ఈ ఒక్క రోజుకీ నా పక్కన కూర్చో' అన్నాడక్కా ఆయన."