గ్లాసుడు మజ్జిగ

పక్క వరస ఇళ్ళు తగలబడుతుంటే, కానిస్టేబుల్ లోవరాజు ముసలి వెంకాయమ్మని తాటాకింట్లోంచి రెక్క పట్టి లాక్కొచ్చాడు. “సత్తిబాబూ, పైపు ఎడమకి తిప్పరా! గోదారి గాలి ఈవిడ ఇంటి మీదికే కొడుతోంది” అని అరిచాడు.

ఫైర్‌మన్ సత్తిబాబుకి ఒళ్ళు మండిపోయింది. ఇద్దరూ ఒకే పరీక్ష రాశారు. ఒక్క మార్కు తగ్గి తనకి ఈ పైపు దక్కింది, వాడికి లాఠీ దక్కింది. ఎనిమిదేళ్ళుగా ఆ లాఠీని చూస్తే చాలు, కడుపు రగిలిపోతోంది.

“నువ్వెవడివిరా నాకు చెప్పడానికి?” అంటూ పైపుని లోవరాజు గుండెల మీదికే తిప్పాడు. లోవరాజు బురదలో వెల్లకిలా పడ్డాడు. పొగలో అది ఎవరికీ కనపడలేదు. ఆ కాస్తలోనే వెంకాయమ్మ ఇల్లు భగ్గుమంది.

మంటలు ఆరాక వెంకాయమ్మ ఎవరింట్లోనో అడిగి గ్లాసుడు మజ్జిగ తెచ్చి సత్తిబాబుకిచ్చింది.

“నా కొంప పోతే పోయింది, పదిళ్ళు నిలబెట్టారు బాబూ, తాగండి. ఆ పోలీసోడున్నాడే, నా పెట్టె కూడా తెచ్చుకోనివ్వలేదు. వాడి చేతులు పడిపోను!”

ఆవిడ అటు వెళ్ళగానే సత్తిబాబు పక్కనే ఉన్న లోవరాజుతో గొణిగాడు. “నిజం చెప్పలేదేంట్రా?”

లోవరాజు చొక్కా పిండుకుంటూ గ్లాసు వంకే చూశాడు. “తిట్లు నాకు అలవాటేరా. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్కరూ నాకు మంచినీళ్ళిచ్చిన పాపాన పోలేదు. నిన్ను చూస్తే కుళ్ళు నాకు.”

సత్తిబాబు గ్లాసు అతని చేతిలో పెట్టి, వెంకాయమ్మ దగ్గరికి నడిచాడు.

“అమ్మా, ఆయన్ని తిట్టకండి. మీ ఇల్లు కాలింది నా వల్లేనండి.”