కాగితం మీద గెలుపు

"నేను చెప్పను," అంటూ ఆర్లో విట్‌కాంబ్ మైకును పక్కకు తోసేశాడు.

దర్శకుడు సిడ్ గార్ఫైన్ తల పట్టుకున్నాడు. హాలీవుడ్ స్టూడియోలో చెక్కలతో కట్టిన కామెంటరీ గది అది. ఎదురుగా మైదానం లేదు, గోడ మీద సుద్దతో గీసిన గుర్తు మాత్రం ఉంది. దాన్నే బేస్‌బాల్ బంతి అనుకుని ఆర్లో నాలుగు ముక్కలు చెబితే ఆ రోజు పని అయిపోతుంది.

"ఎందుకు చెప్పరు పెద్దాయనా? హామర్స్ గెలిచారు, క్రేన్స్ ఓడారు. అంతేగా! ఇరవై రెండేళ్లుగా రేడియోలో మీరు రోజూ చెప్పే మాటేగా!"

అది నిజమే. ఆర్లో వాళ్ల ఊరి జట్టు క్రేన్స్. పేరుకు తగ్గట్టే కొంగల్లా ఒంటికాలి మీద నిలబడి, పోయే బంతిని చూస్తుంటారు. ఛాంపియన్‌షిప్ గడప ఏనాడూ తొక్కలేదు. 'పోన్లెండి సోదరులారా' అంటూ ఆ ఓటముల్ని ఊరు నవ్వుతూ వినేలా చెప్పబట్టే ఆర్లోకి పేరొచ్చింది. ఆ పేరు వినే సినిమా వాళ్లు పిలిచారు.

"రేడియోలో నా చేతిలో ఏముంది బాబూ? వాళ్లు ఓడతారు, నేను చెబుతా," అన్నాడు ఆర్లో. "ఇక్కడ రాసేది మీరేగా? కలం చేతిలో పెట్టుకుని కూడా మావాళ్లను ఓడించాలా?"

"హీరో హామర్స్‌లో ఉన్నాడయ్యా!"

"మైదానం సీన్లు ఇంకా తీయలేదుగా. చొక్కా మార్చండి, మావాడైపోతాడు."

"బాగుంది! సినిమాలో గెలిస్తే మీ ఊరు పండగ చేసుకుంటుందా?"

"చేసుకుంటుంది. మా మంగలి ఫ్లాయిడ్‌కి ఎనభై ఒకటి. 'పోయేలోగా నీ నోట మనవాళ్లు గెలిచారన్న మాట వింటానా' అని అడుగుతాడు, అదీ కత్తి నా గొంతు మీద పెట్టి." ఆర్లో పక్కకు తోసిన మైకు వంక చూశాడు. "వాడి సంగతి సరే. నాకే అనాలనుంది. నాకూ అరవై మూడొచ్చాయి."

కథ రాసిన హెస్టర్ మూల కూర్చుని ఇదంతా వింటోంది. లేచి వచ్చి, కాగితం మీద రెండు జట్ల పేర్లూ కొట్టేసి, అటుదిటూ ఇటుదటూ మార్చి ఆర్లో ముందు పెట్టింది.

"మా నాన్నదీ ఓడిపోయే జట్టే," అంది, సిడ్ వైపు చూడకుండా.

సిడ్ గడియారం చూసుకున్నాడు. "ఆరింటికి ఈ సెట్టు విప్పేస్తారు. ఒక్కటే టేకు. తేడా వచ్చిందో, రేపు ఇంకొకణ్ణి పిలిచి పాత కాగితమే చదివిస్తా. తర్వాత నన్ను అనొద్దు."

"ఒక్కటి చాలు," అన్నాడు ఆర్లో.

మార్చిన కాగితాన్ని నాలుగుసార్లు చదివాడు. టై సవరించుకున్నాడు, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. లైట్లు వెలిగాయి. కెమెరా తిరిగింది.

"ఆఖరి ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్! ఇంకొక్కడు అవుటైతే ఆట ముగిసినట్టే! క్రేన్స్ ఒక్క పరుగు వెనక, బేస్ మీద ఒకడు. ఇదిగో బంతి... కొట్టాడు!"

ఆర్లో లేచి నిలబడ్డాడు. ఇక కాగితం వంక చూడలేదు. కళ్లు సుద్ద గుర్తును వెంటాడుతున్నాయి. లైట్ల వాళ్లు పని ఆపి నోరు తెరిచి వింటున్నారు. హెస్టర్ పిడికిళ్లు బిగించింది. సిడ్ కూడా తెలియకుండానే కుర్చీ అంచుకు జరిగాడు.

"ఎత్తుగా లేచింది! మైదానం గోడ వైపు పోతోంది, దాటితే గెలుపే! ఫీల్డర్ వెనక్కి పరిగెత్తుతున్నాడు... వెనక్కి, ఇంకా వెనక్కి... గోడకు ఆనుకున్నాడు... ఎగిరాడు... పట్టేశాడు! పోన్లెండి సోదరులారా, ఇంటికెళ్లి సుబ్బరంగా భోంచేయండి, వచ్చే ఏడు చూసుకుందాం!"