కోళ్ళకు నోటీసు ఇవ్వలేదు

“కారు పెట్టుకోవాలి. ముందు గది ఖాళీ చెయ్యమ్మా,” అన్నాడు ఇంటి ఓనరు.

పదకొండేళ్ళుగా ఆ గదిలో మిషను తొక్కుతున్న టైలరమ్మకు ఇచ్చిన గడువు రెండు రోజులు. బతిమాలితే వినలేదు. మూడో రోజు మిషను తీసుకెళ్ళి వీధిలో పెట్టించాడు. వీధంతా చూసింది.

టైలరమ్మ పెట్టె సర్దుకుంది. మూడు పెట్టల్నీ, పుంజునూ బుట్టలో వేసుకుని, రెండు వీధుల అవతల అద్దెకు దిగింది.

పది రోజులు ఏ గొడవా లేదు. పదకొండో రోజు పొద్దున చూస్తే నాలుగు కోళ్ళూ పాత ఇంట్లో, కొత్త కారు మీద! కారుకు రెట్ట, ఓనరు కోపం రెట్టింపు. మెరిసే కారు తలుపులో పుంజుకు ఇంకో పుంజు కనిపించింది. తన హద్దులో ఇంకొకడా? మెడ ఈకలు నిక్కించి టకటకా పొడిచింది. రంగు పెచ్చులు పెచ్చులుగా లేచింది.

ఆ తర్వాత రోజూ ఇదే తంతు. గేటుకు తాళం వేస్తే గోడ మీంచి వచ్చాయి. రోజూ పొద్దున్నే ఓనరు ఫోను, మూతబుట్టతో టైలరమ్మ పరుగు.

“పగ పట్టావటమ్మా?”

“నేనా! అయ్యో బాబాయిగారూ, కోడి తన హద్దు వదులుతుందా? నన్ను ఖాళీ చేయించారు గానీ, వాటికి నోటీసు ఇవ్వలేదుగా.”

“వారం రోజులు గూట్లో మూసిపెడితే కొత్త చోటు మరుగుతాయంటారే!”

“అదీ చేశానండీ. ఒట్టు! లెక్కగా ఏడు రోజులు మూసే ఉంచాను.”

పాపం, సాయంత్రాలు ఆమెకూ తీరిక లేదు. కుట్టిన జాకెట్లు అదే బుట్టలో సర్దుకుని, ఓనరు టీవీలో వార్తలు వినే వేళకు ఆ వీధంతా ఇంటింటికీ ఇచ్చి వచ్చేది.

నెల తిరిగేసరికి ఓనరు చేతులు జోడించాడు.

“కారు వీధిలో పెట్టుకుంటాను తల్లీ! నీ గదిలోకి నువ్వు వచ్చెయ్. నీ కోళ్ళ బాధ నువ్వే పడు.”

“వస్తాను. వీధిలో పెట్టించిన మిషను మీరే మోసుకొచ్చి లోపల పెట్టాలి మరి.”

రెండు వీధులూ మోశాడు, రొప్పుతూ. ఈసారీ వీధంతా చూసింది.

ఆ సాయంత్రం టైలరమ్మ చాలా రోజుల తర్వాత మొదటిసారి జాకెట్ల కింద కోళ్ళను దాచి మోసుకురాలేదు. అవి నాలుగూ, ఎనిమిదో రోజుకే మరిగిపోయిన, ఇంకా ఖాళీ చెయ్యని కొత్తింటి గూట్లోకి ఎంచక్కా నడిచివెళ్ళి పడుకున్నాయి.