పావు అంగుళం

"మడమలు ఎత్తకు," అంది అక్క. చెల్లెల్ని గోడకు ఆనించి, నెత్తిమీద స్కేలు అడ్డం పెట్టి, సుద్దతో గీత గీసింది. టేపుతో కొలిచింది.

"యాభై తొమ్మిదింపావు అంగుళాలు."

బట్టలు కుట్టే అక్కకు అంగుళాలే అలవాటు. రెండు పాయింట్ అయిదు నాలుగుతో హెచ్చవేసింది.

"నూటయాభై సెంటీమీటర్లు దాటి ఇంకో అర. నాటకం వాళ్ళు ఎంతన్నారు?"

"నూటయాభై."

"గట్టెక్కావే పొట్టిదానా. ఇంతకీ ఏం వేషం?"

"ముందు రానీ. ఇప్పుడు చెబితే నవ్వుతావు."

ఇప్పటికే మూడు నాటక కంపెనీలు ఎత్తు చాలదని తిప్పి పంపాయి. ఇదీ పోతే ఇక వేషాల ఊసెత్తకుండా కుట్టుమిషను ముందు కూర్చుంటానని చెల్లెలు మాటిచ్చింది.

"ఇప్పుడే బయల్దేరు," అంది అక్క. "పొద్దున ఎవరైనా సాగి ఉంటారు. సాయంత్రానికి కుంగిపోతారు. గౌన్ల పొడవు కొలిచేదాన్ని, నాకు తెలుసు."

"ఎంత కుంగుతారేంటి?"

"పావు అంగుళం పైమాటే."

చెల్లెలు గోడమీది గీతను కాసేపు చూసింది. తర్వాత గుడ్డల మూటలు నెత్తినెత్తుకుని మేడమీదికి చేరవేయడం మొదలుపెట్టింది. మధ్యాహ్నమంతా నిలబడి ఇస్త్రీ చేసింది. అక్క కుర్చీ వేస్తే కాలితో పక్కకు నెట్టింది. అన్నం కూడా నిలబడే తింది.

"చేతిదాకా వచ్చింది కాలదన్నుకుంటావా? అసలు తలకాయ ఉందా నీకు?"

"సాయంత్రం దాకా కొలుస్తారటలే."

సాయంత్రం అక్క కూడా వెంట వెళ్ళింది. కంపెనీ గదిలో ఓ మూల దుప్పటి కప్పిన పెద్ద సామానేదో ఉంది. మేనేజరు చెల్లెలి చెప్పులు విప్పించి కొలబద్ద కింద నిలబెట్టాడు.

"నూటనలభై తొమ్మిది పాయింట్ ఎనిమిది."

అక్క మనసులోనే లెక్క తిరగేసింది. యాభై తొమ్మిది అంగుళాలు. పావు అంగుళం ఇస్త్రీబల్ల దగ్గరే పోయింది.

"రెండు మిల్లీమీటర్లే కదండీ తక్కువ," అంది మేనేజరుతో. "పొద్దున ఇంకా పొడుగుంది. కావాలంటే రేపు తెల్లారగానే తీసుకొస్తా, మళ్ళీ కొలవండి."

చెల్లెలు గబుక్కున అక్క నోరు మూసింది.

"వేషం నీదేనమ్మా," అన్నాడు మేనేజరు. "రేపట్నుంచి వచ్చెయ్."

చెల్లెలు ఎగిరి గంతేసింది. అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"తక్కువొచ్చినా తీసుకుంటారా?"

చెల్లెలు మూలకు వెళ్ళి దుప్పటి లాగేసింది.

"నూటయాభై దాటితే ఈ ఏనుగు బొమ్మలో పట్టరక్కా."